కంట్రోలు బియ్యం, ఫ్రెంచి మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ ఇంజినీరింగు గురించి ఓ పావుగంట మాట్లాడండి, దాన్నే సావనీరులో వేసేస్తాం" అన్నారు. పంపుల గురించీ కంప్రెసర్ల గురించీ పావుగంట మాట్లాడితే భోజనాల టెంటు వైపు ఎంతమంది జారుకుంటారో నాకు తెలుసు. అందుకని ఆయన నోట్లోంచి వచ్చిన మాటనే పట్టుకున్నాను. సావనీరు.

ఇది ఫ్రెంచి మాట. అక్కడ 'సూవ్‌నీర్' అంటే జ్ఞాపకం, గుర్తు తెచ్చుకోవడం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని తీసుకెళ్ళి వస్తువుగా మార్చారు. ఆగ్రా వెళ్ళినవాడు కొనుక్కొచ్చి టీవీ మీద పెట్టుకునే పాలరాతి తాజ్‌మహల్ లాంటిదన్నమాట. మన దగ్గరికి వచ్చేసరికి అది పుస్తకమైంది. అట్ట మీద బడి ఫొటో, మొదటి పేజీల్లో పెద్దల శుభాకాంక్షలు, సగానికి సగం బట్టల కొట్లవాళ్ళ, ఎరువుల కొట్లవాళ్ళ ప్రకటనలు. "సావనీరుకి ఒక ఫుల్ పేజీ యాడ్ ఇవ్వండి" అని మనవాళ్ళు తిరుగుతుంటారు కదా, అది ఫ్రెంచివాడి చెవిన పడితే "జ్ఞాపకానికి ఫుల్ పేజీ యాడ్ ఇవ్వండి" అన్నట్టు ఉంటుంది.

నేను భాషా పండితుణ్ణి కాదు. తెలుగు మీడియంలో చదివి, యంత్రాల మధ్య ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఆ యంత్రాల్లో కొన్ని ఫ్రాన్సు నుంచి వచ్చినవి కావడంతో, వాటితోపాటు వచ్చిన కాగితాలూ మనుషులూ నన్ను ఈ మాటల్లోకి లాగారు. ఒకసారి మాట అర్థంకాక దెబ్బ తిన్నాను కూడా. ఆ సంగతి చెబుతాను. ఈ ముందు వరసలో ఉన్న మా ఇంగ్లీషు మాస్టారికి నేనొక బాకీ ఉన్నాను. అది కూడా ఈ పూట తీర్చేసుకుంటాను.

ఫ్రెంచి మనకేమీ మరీ దూరపు భాష కాదు. రేవు దాటితే యానాం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఇటు బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చాక, చిన్నపిల్లల పెళ్ళిళ్ళకు జనం అటు వెళ్ళేవారనీ, అందుకే దానికి కళ్యాణపురం అని పేరొచ్చిందనీ మా నాయనమ్మ చెప్పేది. అయినా మనం రోజూ వాడే ఫ్రెంచి మాటలు యానాం రేవు దాటి రాలేదు. ఇంగ్లీషు వాడి వెంట, ఇంగ్లీషు వేషంలో వచ్చాయి.

ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయంటే, 1066లో నార్మండీ నుంచి విలియం సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ దగ్గర యుద్ధం గెలిచి, ఇంగ్లండుకు రాజయ్యాడు. అతనితో వచ్చిన దొరలది ఫ్రెంచి. ఇంచుమించు మూడు వందల ఏళ్ళు దర్బారులో, కచేరీలో ఆ భాషే పెత్తనం చేసింది. మన కోర్టు, జడ్జి, జైలు, ప్లీడరు అన్నీ ఆ కచేరీల్లోంచి వచ్చిన మాటలే. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. తమాషా ఏమిటంటే, ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో. మన సచివాలయాల నుంచి "తెలుగులోనే ఉత్తర ప్రత్యుత్తరాలు జరపాలి" అని ఇంగ్లీషులో సర్క్యులర్ వస్తే నవ్వుకుంటాం కానీ, దానికి ఆరున్నర వందల ఏళ్ళ వంశవృక్షం ఉంది.

మాట ఊరు మారితే అర్థం ఎలా జరుగుతుందో చెప్పడానికి మటన్ చాలు. ఫ్రెంచిలో 'మూతోఁ' అంటే గొర్రె. మేస్తున్నా అదే, వండినా అదే. ఇంగ్లీషులో పొలంలో మేసే గొర్రెకు పాత ఇంగ్లీషు పేరు మిగిలిపోయింది, దొరగారి కంచంలోకి వచ్చిన మాంసానికి మాత్రం ఫ్రెంచి పేరొచ్చింది. ఇక మన బజారులో మటన్ కొట్టు ముందు వేలాడేది ఏమిటి? చాలావరకు మేకపోతు. గొర్రెతో బయల్దేరిన మాట మేక దగ్గర దిగింది.

హోటల్ సంగతీ అంతే. నేను మొదటిసారి లియోన్ నగరానికి వెళ్ళినప్పుడు 'ఒతెల్ ద వీల్' అని బోర్డు చూశాను. ఎంత పెద్ద హోటలో, ఎన్ని అంతస్తులో అనుకున్నాను. సూట్‌కేసు చేతిలో ఉంది, కడుపులో ఆకలి ఉంది. గుమ్మం దాకా వెళ్ళాక తెలిసింది, అది మునిసిపల్ ఆఫీసు. ఫ్రెంచిలో ఆ మాటకు బస చేసే చోటు అనే అర్థం ఉంది, పెద్ద భవంతి అనే అర్థమూ ఉంది. ఇంగ్లీషులో బస ఒక్కటే మిగిలింది. మనకు హోటల్ అంటే ఇడ్లీ, పెసరట్టు. పడుకోవడానికైతే లాడ్జి. హాస్టల్, హాస్పిటల్ కూడా ఆ కుటుంబంలోవే. ఒకే ఇంటి పిల్లలు తలొక ఊళ్ళో స్థిరపడ్డట్టు.

నాకు బాగా ఇష్టమైన మాట కంట్రోలు. దీని పుట్టుక లెక్కల పుస్తకంలో ఉంది. పాతకాలంలో జమాఖర్చులు చుట్టల్లాంటి కాగితాల మీద రాసేవారు. దాన్ని 'రోల్' అనేవారు. ఒకడు రాసిన లెక్కను సరిచూడటానికి ఇంకొకడి దగ్గర రెండో ప్రతి ఉండేది. అదే 'కోంత్ర్ రోల్', అంటే ఎదురు చిట్టా. ఫ్రెంచిలో 'కోంత్రోల్' అంటే ఈనాటికీ ప్రధానంగా సరిచూడటమే. రైల్లో టికెట్టు తనిఖీ చేసేవాడు కోంత్రోలరు. ఇంగ్లీషులో అది అదుపు చేయడం, ఆజ్ఞలో పెట్టుకోవడం వైపు నడిచింది. మన దేశంలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ అనే పదవిలో ఆ పాత లెక్కల వాసన ఇంకా ఉంది. అందులో ఆ 'ప్' కూడా ఎవరో లెక్క అనే మరో ఫ్రెంచి మాటతో కలిపి పొరపాటు పడి దూర్చిందే.

మరి మన ఊళ్ళో? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సర్కారు సరుకుల మీద, ధరల మీద కంట్రోలు పెట్టింది. యుద్ధం అయిపోయింది, ఆ మాట మాత్రం కొట్టు పేరుగా ఉండిపోయింది. కంట్రోలు షాపు, కంట్రోలు బియ్యం, కంట్రోలు కిరసనాయిలు. మా అమ్మ "కంట్రోలుకి వెళ్ళి సంచీ తీసుకురా" అనేది. ఎదురు చిట్టా నుంచి ఎర్రబియ్యం సంచీ దాకా ఎంత ప్రయాణమో చూడండి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ బియ్యం తిని పెద్దయినవాళ్ళం చాలామందిమి ఉన్నాం, సిగ్గుపడే పనేం లేదు.

ఒక ఫ్రెంచి సంస్థ మాకు పంపిన రిపోర్టులో "వెల్డులన్నీ కంట్రోలు చేశాం" అని ఇంగ్లీషులో ఉంది. మా మేనేజరు గారు, "వెల్డింగును కంట్రోలు చేయడమేమిటయ్యా, అదేమన్నా పారిపోతుందా?" అన్నారు. వాళ్ళు చెప్పింది, ఒక్కొక్కటీ తనిఖీ చేశామని.

వారంటీ, గ్యారంటీ కూడా ఒక మాటే. నార్మండీ వాళ్ళు 'వ' అన్నచోట పారిస్ వాళ్ళు 'గ' అనేవారు. ఇంగ్లీషు రెండిటినీ దిగుమతి చేసుకుంది. వార్డెన్, గార్డియన్ కూడా అలాంటి జంటే. హాస్టల్ దరఖాస్తు మీద సంతకం పెట్టేది గార్డియన్, లోపల చెవి మెలేసేది వార్డెన్. ఇద్దరూ ఒకే మాట! అయితే మన ఫ్యాన్ల కొట్టువాడు ఈ కవలల మధ్య కూడా గీత గీశాడు. "గ్యారంటీ లేదండీ, వారంటీ ఉంది" అంటాడు. మొదటిది ఉంటే కొత్త ఫ్యాను ఇస్తాడు, రెండోది ఉంటే బాగుచేసి ఇస్తాడు. ఏ నిఘంటువూ చెప్పని తేడా ఇది, కానీ బజారులో అందరికీ తెలుసు.

ఇంగ్లీషువాళ్ళను చూసి మనం నవ్వడానికేం లేదు. సంస్కృతంతో మనమూ ఈ పనే చేశాం. ఇప్పుడు నేను ఇస్తున్నది ఉపన్యాసం. హిందీవాడికి ఉపన్యాసం అంటే నవల. మనకు అవకాశం వస్తే సంతోషం, హిందీలో అవకాశ్ అంటే సెలవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాదిన ఒక ఊళ్ళో 'శిక్షా విభాగ్' అని పెద్ద బోర్డు చూసి, శిక్షలు వెయ్యడానికి ప్రత్యేకంగా శాఖ పెట్టారా అనుకున్నాను. అక్కడ శిక్ష అంటే చదువు. మా రోజుల్లో ఈ బడిలో రెండిటికీ పెద్ద తేడా ఉండేది కాదు లెండి. డ్రిల్లు మాస్టారు నవ్వుతున్నారు.

ఇక నా దెబ్బ. 1995. నేను అప్పుడు ఒక కర్మాగారంలో జూనియర్ ఇంజినీర్ని. అక్కడ ఒక ఫ్రెంచి కంప్రెసర్ ఉండేది. ఏడాదికోసారి చేసే షట్‌డౌన్‌లో దాన్ని విప్పితే షాఫ్టు సీలు దగ్గర అరుగుదల కనపడింది. ముందుకెళ్ళాలా, ఆగాలా? తయారుచేసినవాళ్ళకు ఫ్యాక్స్ పంపాను. రెండో రోజు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. సీలు మార్చే పద్ధతి అంతా రాసి, చివర ఒక వాక్యం పెట్టారు. మా నిపుణుడు 'ఈవెన్చువల్లీ' మీ సైటుకు వస్తాడు అని.

నేను ఆ మాటను బడిలో నేర్చుకున్న అర్థంతోనే చదివాను. 'ఈవెన్చువల్లీ' అంటే చివరికి. కాస్త ఆలస్యమైనా వచ్చి తీరతాడని. నమ్మకం కోసం డిక్షనరీ కూడా చూశాను, అదే చెప్పింది. మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తి "వస్తున్నాడు సార్" అన్నాను. గెస్ట్ హౌసులో గది శుభ్రం చేయించారు. నిపుణుడు వస్తుంటే మనం చెయ్యి పెట్టడం ఎందుకని కంప్రెసర్‌ను అలాగే వదిలేశాం.

వారం గడిచింది. తొమ్మిదో రోజున కోపంగా ఇంకో ఫ్యాక్స్ కొట్టాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మీరు రమ్మని అడగలేదు కదా, ఇంతకీ సీలు మార్చారా, అని.

ఫ్రెంచిలో 'ఎవాంతుఎల్‌మాఁ' అని ఒక మాట ఉంది. చూడ్డానికి, వినడానికి ఆ ఇంగ్లీషు మాటకు కవల లాగే ఉంటుంది. కానీ దాని అర్థం "అవసరమైతే, ఒకవేళ". మీకు చేతకాకపోతే, మీరు అడిగితే, మావాణ్ణి పంపుతాం అని ఆయన రాశాడు. వచ్చి తీరతాడని నేను చదివాను.

తొమ్మిది రోజుల ఉత్పత్తి పోయింది. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆగింది. అది న్యాయమే, నేనేమీ అనుకోలేదు. నేను మర్చిపోలేనిది వేరే ఉంది. షట్‌డౌన్ పనికని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఇరవై మంది దాకా రోజుకూలీలు వచ్చారు. పని నడిస్తేనే కూలీ. తొమ్మిది రోజులూ వాళ్ళు పొద్దున్నే క్యారేజీలు పట్టుకుని వచ్చి, షెడ్డు నీడలో కూర్చుని, సాయంత్రం ఖాళీ చేతుల్తో వెళ్ళారు. రోజూ నేను దగ్గరికెళ్ళి "రేపు మొదలవుతుంది" అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నమ్మేవాళ్ళు. ఆ కూలీ డబ్బు ఇప్పించడానికి తరవాత నేను తిరిగాను. సగం ఇప్పించగలిగాను, అంతే.

ఆ తరవాత ఏ కాగితం వచ్చినా జాగ్రత్తగా చదివేవాణ్ణి. అదే కంప్రెసర్ మాన్యువల్లో, బేరింగులను 'పెట్రోల్'తో కడగమని ఇంగ్లీషు తర్జుమా ఉంది. కుర్రాళ్ళు స్కూటరు ట్యాంకులోంచి తియ్యడానికి సిద్ధమయ్యారు. మా ఫిట్టరు మేస్త్రి అడ్డం పడ్డాడు. "బాబుగారూ, ఈ వేడిలో పెట్రోలు డబ్బా తెరుస్తారా ఎవరన్నా? ఇది కిరసనాయిలై ఉంటుందండీ." ఆయన చదివింది ఐదో తరగతి. ఆయన మాటే నిజమైంది. ఫ్రెంచిలో 'పెత్రోల్' అంటే భూమిలోంచి తీసిన ముడి చమురు. దీపం, స్టవ్వు విషయంలో అదే మాటకు అర్థం కిరసనాయిలు. మనం బండిలో పోయించుకునే పెట్రోలుకు వాళ్ళ పేరు 'ఎసాఁస్'. మేస్త్రి అనే మాట పోర్చుగీసువాళ్ళది, ఆ కథ ఇంకోసారి.

మరుసటి ఏడాది ఆ ఫ్రెంచి ఇంజినీరు నిజంగానే వచ్చాడు. ఈసారి రమ్మని స్పష్టంగా రాశాం. వచ్చిన రోజే "రేపు మా షెఫ్ వస్తాడు" అన్నాడు. మెస్ ఇన్‌ఛార్జి కంగారుపడి, ఆయనకు వేరే పొయ్యి కావాలా అని నన్నడిగాడు. షెఫ్ అంటే వాళ్ళకు పై అధికారి. అదే మాట ఇంగ్లీషులోకి రెండుసార్లు వచ్చింది. పాతకాలపు ఫ్రెంచిలో 'చ' అని పలికే రోజుల్లో వచ్చింది చీఫ్, ఆ ధ్వని 'ష'గా మారాక వచ్చింది షెఫ్. మెషీన్‌ను మెచీన్ అనకపోవడానికి కారణం కూడా అదే, అది ఆలస్యంగా వచ్చిన చుట్టం.

ఒక రాత్రి భోజనాలయ్యాక నా పాత ఫ్యాక్స్ తీసి ఆయన ముందు పెట్టాను. చదివి తల పట్టుకున్నాడు. తరవాత తన బ్యాగులోంచి నేను రాసిన ఉత్తరం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. అందులో నేను, మీ డ్రాయింగు మీద మాకు చాలా డౌట్లున్నాయి అని రాశాను. మీరు నన్ను నమ్మడం లేదని, నా డ్రాయింగు తప్పంటున్నారని ఆరునెలలు బాధపడ్డాను అన్నాడాయన. నేను తెల్లబోయాను. మనకు డౌటు అంటే ప్రశ్న. అర్థం కానిది అడిగి తెలుసుకోవడం. ఈ బడిలో "డౌట్లుంటే అడగండర్రా" అనని మాస్టారు ఎవరు? ఆయనకు డౌటు అంటే అపనమ్మకం. అంటే నేనూ ఆయన్ను అదే పద్ధతిలో దెబ్బ కొట్టానన్నమాట, నాకు తెలియకుండానే.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కాగితం మీద రెండు వరసలు గీసి మాటలు రాసుకున్నాం. వాళ్ళ 'దుమాందే' అంటే అడగడం, దబాయించడం కాదు. వాళ్ళ 'లిబ్రెరీ'లో పుస్తకాలు కొనుక్కోవాలి, ఊరికే ఇవ్వరు. వాళ్ళ 'దెసెప్సియోఁ' అంటే నిరాశ, మోసం కాదు. వాళ్ళ 'కాద్‌ర్' అంటే కంపెనీలో ఆఫీసరు స్థాయి ఉద్యోగి. మన పేపర్లలో క్యాడర్ అంటే జెండా మోసే కార్యకర్త అని చెబితే ఆయన నమ్మలేదు. ఆ కాగితం చాలాకాలం నా టేబులు అద్దం కింద ఉండేది.

ఇప్పుడు మాస్టారి బాకీ.

పదో తరగతిలో డిక్టేషన్ చెబుతున్నారు. డౌట్ అనే మాటను నేను చెవికి వినపడినట్టు, బి లేకుండా రాశాను. మాస్టారు మార్కు కొట్టేశారు. నేను లేచి, "పలకని అక్షరం ఎందుకండీ రాయడం?" అన్నాను. తలతిక్క ప్రశ్న అని చెయ్యి చాపమంటారనుకుంది క్లాసంతా. మాస్టారు సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు కాసేపు చూసి, "నాకు తెలీదురా. నీకెప్పుడైనా తెలిస్తే వచ్చి చెప్పు" అన్నారు. మాస్టారు 'తెలీదు' అనడం నేను వినడం అదే మొదలు. మార్కు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మాస్టారూ, ఇన్నాళ్ళకు తెలిసిందండీ. ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అందులో బి లేదు. పాత ఫ్రెంచిలో దానికి భయం అనే అర్థం కూడా ఉండేది. కొన్ని వందల ఏళ్ళు ఇంగ్లీషువాళ్ళు కూడా బి లేకుండానే రాసుకున్నారు. తరవాత లాటిన్ చదువుకున్న పండితులు, దీని మూలం లాటిన్‌లో ఉంది, అక్కడ బి ఉంది కదా అని రాతలో దూర్చారు. జనం నోరు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. బాకీని ఇంగ్లీషులో డెట్ అంటాం కదండీ, అందులో బి కూడా అలా వచ్చిందే. ఆ రోజు నేను రాసిన స్పెల్లింగు ఇంచుమించు ఆరు వందల ఏళ్ళ కిందట అయితే ఒప్పే.

ఆ మార్కు సంగతి మీరే ఆలోచించండి. మిగతావాళ్ళకు డౌట్లేమైనా ఉంటే, మన అర్థంలో డౌట్లే సుమండీ, భోజనాల దగ్గర అడగండి. మటన్ ఉందని కార్యదర్శి గారు చెప్పారు. అది గొర్రో మేకో నేను అడగలేదు.